క్రిప్టో ఎక్స్ఛేంజీ మన దేశంలో చట్టబద్ధమో కాదో ఎలా తేల్చుకోవాలి?

ప్రశ్న: మాది రాజంపేట. ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో లెక్కలు చూస్తుంటాను. నాతో చదువుకున్న మిత్రుడొకడు ఒక టెలిగ్రామ్ గ్రూపులోంచి విదేశీ క్రిప్టో ఎక్స్ఛేంజీ (బిట్‌కాయిన్ వంటి క్రిప్టో కరెన్సీలు కొని, అమ్మే వేదిక) లింకు పంపి, అందులో ఖాతా తెరవమంటున్నాడు. ఆ యాప్ ప్లే స్టోరులో కనబడటం లేదు. లింకు ద్వారా నేరుగా ఫోనులోకి దించుకుని, వీపీఎన్ (మనం వేరే దేశంలో ఉన్నట్టు చూపించగల సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే ఏ ఇబ్బందీ ఉండదట. ‘150 దేశాల్లో లభ్యం’ అని వాళ్ల పేజీలో రాసి ఉంది. మా మేనమామ మాత్రం రిజర్వు బ్యాంకు క్రిప్టోను ఎప్పుడో నిషేధించిందని కోప్పడుతున్నారు. ప్రభుత్వం 30 శాతం పన్ను వేసింది కాబట్టి చట్టబద్ధమేనని మిత్రుడి వాదన. చీటీ పాడగా వచ్చిన 1,20,000 రూపాయలు నా దగ్గర ఉన్నాయి. అందులోంచి పరీక్షగా 5,000 యూపీఐలో పంపితే అది ఎవరో ఒక వ్యక్తి పేరున వెళ్లింది. ఇక్కడ కుదరకపోతే కువైట్‌లో ఉన్న మా అన్న పేరున ఖాతా తెరుద్దామని అంటే, ఆయన సివిల్ ఐడీ (కువైట్ గుర్తింపు కార్డు) ఫోటో కూడా ఆ గ్రూపు నడిపే అతనికి పంపాను. ఒక ఎక్స్ఛేంజీ మన దేశంలో చట్టబద్ధంగా పనిచేస్తోందో లేదో నాలాంటివాడు ఎలా తెలుసుకోవాలి?

సమాధానం: మీరు అడిగినది ఒక్క ప్రశ్నే అయినా అందులో మూడు ప్రశ్నలు కలిసిపోయి ఉన్నాయి. మన దేశంలో క్రిప్టో కొనడం నేరమా అన్నది మొదటిది. ఫలానా ఎక్స్ఛేంజీకి మన దేశంలోని వారితో వ్యాపారం చేసే అర్హత ఉందా అన్నది రెండోది. నా ఫోనులో ఆ యాప్ తెరుచుకుంటుందా అన్నది మూడోది. మీ మేనమామ గారు మొదటి ప్రశ్న గురించి మాట్లాడుతున్నారు, టెలిగ్రామ్ గ్రూపువారు మూడోదానికి జవాబు చెబుతున్నారు. మీకు కావలసింది రెండోది, దాని గురించి మాత్రం మీకెవరూ చెప్పినట్టు లేదు. అది తేలేవరకు మిగిలిన 1,15,000 రూపాయలు మీ బ్యాంకు ఖాతాలోంచి కదలనివ్వకండి.

మీ మేనమామ గారి మాటకు ఆధారం లేకపోలేదు. రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్ 6న ఒక సర్క్యులర్ జారీ చేసి, తన నియంత్రణలో ఉన్న బ్యాంకులేవీ వర్చువల్ కరెన్సీల వ్యాపారంలో ఉన్నవారికి సేవలు అందించరాదని ఆదేశించింది. అది క్రిప్టోపై నేరుగా విధించిన నిషేధం కాకపోయినా, బ్యాంకు దారి మూసుకుపోవడంతో జనం దాన్ని నిషేధంగానే అర్థం చేసుకున్నారు. ఇంటర్నెట్ అండ్ మొబైల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2020 మార్చి 4న ఆ సర్క్యులర్‌ను కొట్టివేసింది. రిజర్వు బ్యాంకుకు చర్య తీసుకునే అధికారం ఉందని ఒప్పుకుంటూనే, జరిగిన నష్టం ఎంతో చూపకుండా ఇంత కఠినమైన చర్య తీసుకోవడం తగిన పాళ్లలో లేదని ధర్మాసనం తేల్చింది. ఆ తర్వాత కూడా కొన్ని బ్యాంకులు ఖాతాదారులకు పాత సర్క్యులర్‌నే చూపిస్తూ ఉత్తరాలు రాస్తుండటంతో, అది చెల్లదు కాబట్టి ఉదహరించవద్దని రిజర్వు బ్యాంకే 2021 మే 31న స్పష్టం చేసింది. కాబట్టి ఈ రోజు మన దేశంలో క్రిప్టో కొనడం, అమ్మడం, దగ్గర ఉంచుకోవడం నేరం కాదు. అయితే అది చట్టబద్ధమైన చెల్లుబాటు ద్రవ్యమూ కాదు, రిజర్వు బ్యాంకు హెచ్చరికలు ఆగనూ లేదు.

మీ మిత్రుడి వాదన ఇంకా బలహీనమైనది. 2022 ఆర్థిక చట్టం వర్చువల్ డిజిటల్ ఆస్తుల (క్రిప్టో వంటివాటికి చట్టంలో ఉన్న పేరు) మీద వచ్చే లాభంపై 30 శాతం పన్ను విధించింది, ఆ ఏడాది జూలై 1 నుంచి బదిలీలపై 1 శాతం టీడీఎస్ (చెల్లింపు సమయంలోనే ముందుగా కోసుకునే పన్ను) కూడా అమల్లోకి వచ్చింది. అయితే పన్ను వేయడం అంటే గుర్తింపు ఇవ్వడం కాదని ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ 2022 ఫిబ్రవరిలోనే రాజ్యసభలో చెప్పారు. ఆదాయం ఏ దారిన వచ్చినా పన్ను అడిగే హక్కు ప్రభుత్వానికి ఉంటుంది. పైగా ఆ పన్ను మీరు సంపాదించిన లాభానికి సంబంధించినది, మీకు సేవ అమ్మిన సంస్థ అర్హతకు సంబంధించినది కాదు. అర్హత లేని ఎక్స్ఛేంజీలో లాభం వచ్చినా మీరు పన్ను కట్టవలసిందే. కట్టారు కదా అని ఆ ఎక్స్ఛేంజీకి అర్హత రాదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఒక ఎక్స్ఛేంజీకి మన దేశంలో పనిచేసే అర్హత ఉందా అన్న ప్రశ్నకు జవాబు 2023 మార్చి 7న కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ జారీ చేసిన ఒక నోటిఫికేషన్‌లో ఉంది. క్రిప్టోను రూపాయల వంటి కరెన్సీలోకి మార్చడం, ఒక క్రిప్టోను మరొకదానిలోకి మార్చడం, బదిలీ చేయడం, ఇతరుల క్రిప్టోను భద్రపరచడం, కొత్త క్రిప్టో విక్రయాలకు సంబంధించిన ఆర్థిక సేవలు అందించడం, ఈ పనులన్నిటినీ ఆ నోటిఫికేషన్ మనీ లాండరింగ్ నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చింది. అంటే బ్యాంకుల మాదిరిగానే ఈ సంస్థలు కూడా ఖాతాదారు ఎవరో ధ్రువీకరించుకోవాలి, లావాదేవీల రికార్డులు ఉంచాలి, అనుమానాస్పదమైన వాటిని ప్రభుత్వానికి నివేదించాలి. ఆ నివేదికలు అందుకునే సంస్థ ఆర్థిక మంత్రిత్వ శాఖలోని రెవెన్యూ విభాగం కింద ఉన్న ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్. దాన్ని ముద్దుగా అందరూ ఎఫ్‌ఐయూ అంటారు. దాని దగ్గర రిపోర్టింగ్ సంస్థగా నమోదు కాకుండా భారతీయులకు ఎక్స్ఛేంజీ సేవలు అందించడం చట్టానికి విరుద్ధం. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి: ఈ బాధ్యత చేసే పనిని బట్టి వస్తుంది తప్ప, కార్యాలయం ఎక్కడుందన్నదాన్ని బట్టి కాదు. మాకు భారతదేశంలో ఆఫీసే లేదు, కాబట్టి ఈ చట్టం మాకు వర్తించదు అని ఏ విదేశీ ఎక్స్ఛేంజీ అన్నా ఆ మాట చెల్లదు.

ఇది కాగితం మీది నియమంగా మిగిలిపోలేదు. 2023 డిసెంబరు 28న ఎఫ్‌ఐయూ తొమ్మిది విదేశీ ఎక్స్ఛేంజీలకు షోకాజ్ నోటీసులు ఇచ్చి, వాటి వెబ్ చిరునామాలను మన దేశంలో తెరుచుకోకుండా చేయమని ఎలక్ట్రానిక్స్, ఐటీ మంత్రిత్వ శాఖకు రాసింది. ఆ తొమ్మిదిలో బైనాన్స్, కూకాయిన్, క్రాకెన్, బిట్‌స్టాంప్, బిట్‌ఫినెక్స్ వంటి ప్రపంచ ప్రసిద్ధమైన పేర్లున్నాయి. 2024 జనవరిలో వాటి యాప్‌లు మన దేశంలోని ఆపిల్, గూగుల్ స్టోర్ల నుంచి తొలగిపోయాయి. తర్వాత కూకాయిన్ 34.5 లక్షల రూపాయల జరిమానా కట్టి నమోదైంది. బైనాన్స్‌కు 2024 జూన్‌లో 18.82 కోట్ల రూపాయల జరిమానా పడింది, అదీ నమోదై తిరిగి వచ్చింది. బైబిట్ అనే మరో విదేశీ ఎక్స్ఛేంజీ 2025 జనవరిలో మన దేశంలో సేవలు నిలిపివేసింది. అదే నెలాఖరున దానికి 9.27 కోట్ల రూపాయల జరిమానా పడింది, ఆ తర్వాత నమోదైంది. 2025 అక్టోబరులో మరో 25 విదేశీ సంస్థలకు నోటీసులు వెళ్లాయి.

ఈ వరుసను ఇంత వివరంగా చెప్పడానికి కారణముంది. ఒకే ఎక్స్ఛేంజీ ఒక ఏడాది నిషిద్ధంగా ఉండి, మరుసటి ఏడాది నమోదైనదిగా మారింది. రెండేళ్ల కిందటి వీడియో చూసి మంచిదనో చెడ్డదనో తీర్మానించుకుంటే రెండు విధాలా పొరపాటు పడతారు. మీరు డబ్బు పెట్టబోయే రోజున ఆ సంస్థ స్థితి ఏమిటన్నదే చూడవలసింది. వాళ్లు ఎంత పెద్దవాళ్లు, ఎంతమంది ఖాతాదారులున్నారు అన్నవి ఈ ప్రశ్నకు జవాబు కావు. నోటీసులు అందుకున్న తొమ్మిదీ పెద్దవే.

ఇప్పుడు పరిశీలించే పద్ధతి చెబుతాను. మొదట వెతకవలసింది బ్రాండు పేరు కాదు, కంపెనీ పేరు. యాప్ మీద కనబడే పేరు వ్యాపారపు పేరు మాత్రమే. మీరు ఎవరితో ఒప్పందం చేసుకుంటున్నారో అది వినియోగ నిబంధనల్లో, చాలాసార్లు మొదటి పేరాలోనో చిట్టచివరి పేరాలోనో ఉంటుంది. అక్కడ ఒక కంపెనీ పూర్తి పేరు, అది ఏ దేశంలో నమోదైంది, వివాదం వస్తే ఏ దేశపు చట్టం వర్తిస్తుంది, ఏ కోర్టుకో మధ్యవర్తికో వెళ్లాలి అన్నవి రాసి ఉండాలి. ఆ పేరే లేకపోతే మీ పరిశీలన అక్కడితో పూర్తయినట్టే, ఆ యాప్‌ను ఫోనులోంచి తీసేయవచ్చు. మీరు పంపిన పేజీలో నేను చూసినంత వరకు కంపెనీ పేరు ఎక్కడా లేదు. ‘మా అంతర్జాతీయ బృందం’ అన్న మాట మాత్రం మూడుచోట్ల ఉంది.

పేరు దొరికితే దాన్ని ఎఫ్‌ఐయూ సమాచారంతో పోల్చాలి. ఎఫ్‌ఐయూ అధికారిక వెబ్‌సైటుకు వెళ్లేటప్పుడు ఎవరో పంపిన లింకు నొక్కకుండా చిరునామాను మీరే టైపు చేయండి, చివర ‘జీఓవీ డాట్ ఇన్’ ఉందో లేదో చూసుకోండి. ఆ సంస్థ జారీ చేసే ఉత్తర్వులు, ఆర్థిక శాఖ పత్రికా ప్రకటనలు ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరోలో దొరుకుతాయి. పార్లమెంటు ప్రశ్నోత్తరాలు కూడా మంచి ఆధారం. ఉదాహరణకు 2023 డిసెంబరులో లోక్‌సభకు ఇచ్చిన ఒక సమాధానంలో ఆర్థిక శాఖ అప్పటికి నమోదైన 28 సంస్థల గురించి చెప్పింది. వీటితో పాటు ఎక్స్ఛేంజీ ఫిర్యాదుల విభాగానికి ఒక ఈమెయిలు రాసి, ‘మీరు ఎఫ్‌ఐయూ దగ్గర ఏ కంపెనీ పేరున, ఏ నమోదు సంఖ్యతో, ఏ తేదీన రిపోర్టింగ్ సంస్థగా నమోదయ్యారు’ అని అడగండి. నిజంగా నమోదైన సంస్థకు ఇది దాచవలసిన విషయం కాదు, ఎన్నో సంస్థలు దాన్ని తమ వెబ్‌సైటులో గర్వంగానే ప్రకటించుకుంటాయి. వచ్చిన జవాబును ప్రభుత్వ వర్గాల సమాచారంతో పోల్చి చూసుకుని, రెండూ కలిసినప్పుడే నమ్మండి. కంపెనీ తన గురించి తాను చెప్పుకున్నది సాక్ష్యం కాదు.

ఈ దశలో చాలామంది తప్పుదారి పట్టేది కొన్ని కాగితాలు చూసి. కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర కంపెనీగా నమోదైన ధ్రువపత్రం, జీఎస్టీ నంబరు, ఏదో ఒక అంతర్జాతీయ ప్రమాణ పత్రం చూపించి, చూశారా, ప్రభుత్వం అనుమతించింది అంటారు. కంపెనీగా నమోదు కావడమంటే ఆ పేరుతో ఒక సంస్థ పుట్టిందని మాత్రమే అర్థం. కిరాణా దుకాణానికీ జీఎస్టీ నంబరు ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువగా మోసపుచ్చేది అమెరికా ఆర్థిక శాఖలోని ఫిన్‌సెన్ దగ్గర మనీ సర్వీసెస్ బిజినెస్‌గా నమోదైనట్టు చూపే పత్రం. ఆ జాబితాలో పేరు ఉండటం తమ సిఫారసో ధ్రువీకరణో కాదని ఫిన్‌సెనే చెబుతుంది. ఆ పత్రం నిజమైనదే అయినా రాజంపేటలో ఉన్న మీకు సేవ అమ్మడానికి అది ఏ హక్కునూ ఇవ్వదు.

‘150 దేశాల్లో లభ్యం’ అన్న మాట గురించి కూడా రాశారు. లభ్యం అన్నది సాంకేతికమైన మాట, ఆ దేశాల నుంచి వెబ్‌సైటు తెరుచుకుంటుందనే దాని భావం. నిజాయితీగా నడిచే ఎక్స్ఛేంజీలు తమ నిబంధనల్లో ఏయే దేశాలవారికి సేవ అందించబోమో జాబితా ఇస్తాయి. అందులో మన దేశం ఉంటే సందేహమే లేదు, వాళ్లే వద్దంటున్నారు. కానీ మన దేశం ఆ జాబితాలో లేనంత మాత్రాన ఇక్కడ అర్హత ఉన్నట్టు కాదు. నమోదు కాకుండానే సేవలందిస్తూ నోటీసులు అందుకున్న సంస్థల చరిత్ర మీరు పైన చదివారు.

వీపీఎన్ సలహా ఇచ్చినవారెవరైనా సరే, మీ మేలు కోరి ఇచ్చింది కాదని నా నిశ్చితాభిప్రాయం. వీపీఎన్ వాడకం నేరమని నేను అనడం లేదు, ఎంతోమంది ఉద్యోగ అవసరాలకు రోజూ వాడుతున్నారు. కానీ ఎక్స్ఛేంజీకి మీరు వేరే దేశంలో ఉన్నట్టు చూపించడానికి దాన్ని వాడితే, ఖాతా తెరిచిన మొదటి నిమిషంలోనే మీరు ఆ ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టవుతుంది. ఇలాంటి ఎక్స్ఛేంజీలు డబ్బు తీసుకునేటప్పుడు ఏమీ అడగవు. తిరిగి తీసుకోబోయినప్పుడు గుర్తింపు కార్డు, చిరునామా రుజువు, ముఖం చూపే వీడియో అడుగుతాయి. అప్పుడు మీరు చూపగలిగినది భారతీయ ఆధార్, రాజంపేట చిరునామా. నిబంధనలు ఉల్లంఘించారని ఖాతా స్తంభింపజేస్తే ఫిర్యాదు చేయడానికి మీ చేతిలో ఏముంటుంది? ఒప్పందం తప్పింది మీరేనని వాళ్లు చూపగలుగుతారు. యాప్‌ను స్టోరు నుంచి కాకుండా లింకు ద్వారా దించుకోమనడం మరింత ప్రమాదకరం. అలా వచ్చిన ఫైలు అసలు ఎక్స్ఛేంజీదో, దాని పేరు, రంగులు అతికించుకున్న నకలో మీకు తెలిసే మార్గం లేదు, అది మీ ఫోనులోని ఓటీపీలను కూడా చదవగలదు.

మీరు పంపిన 5,000 రూపాయలు ఒక వ్యక్తి పేరున వెళ్లిన విషయం దగ్గర కొంచెం ఆగాలి. మన దేశంలో బ్యాంకు ఖాతా లేని విదేశీ ఎక్స్ఛేంజీలకు రూపాయలు నేరుగా తీసుకునే దారి లేదు. అందుకని వ్యక్తికీ వ్యక్తికీ మధ్య కొనుగోలు అనే పద్ధతి పెడతారు. మీరు ఎవరో ఒక అపరిచితుడి ఖాతాకు యూపీఐ చేస్తారు, అతను మీ ఎక్స్ఛేంజీ ఖాతాకు క్రిప్టో పంపుతాడు. అమ్మేటప్పుడు ఇదే తిరగబడుతుంది, ఎవరో అపరిచితుడు మీ బ్యాంకు ఖాతాకు డబ్బు పంపుతాడు. ఆ డబ్బు అతనికి ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియదు.

నేను బ్యాంకు శాఖలో పనిచేసిన రోజుల్లో ఒక యువకుడు నెల మొదటివారంలో ఏటీఎం పనిచేయడం లేదని వచ్చాడు. చూస్తే మరో రాష్ట్రంలోని సైబర్ క్రైమ్ పోలీసుల లేఖ మీద అతని జీతం ఖాతా నిలిచిపోయి ఉంది. క్రిప్టో అమ్మినందుకు అతనికి వచ్చిన 18,000 రూపాయలు, అక్కడెక్కడో ఒక వృద్ధురాలి నుంచి మోసంతో లాగిన సొమ్ములో భాగమని తేలింది. అతను ఎవరినీ మోసం చేయలేదు. అయినా ఖాతా విడిపించుకోవడానికి నెలల తరబడి ఉత్తరాలు రాస్తూ, ఇంటి అద్దెకు అప్పులు చేస్తూ తిరిగాడు. కౌంటరు ఇవతల కూర్చుని అతనికి నేను చేయగలిగిన సాయం చాలా తక్కువ. ఆ నిస్సహాయత ఇప్పటికీ గుర్తుంది కాబట్టే మీకింత దీర్ఘంగా రాస్తున్నాను.

నమోదైన ఎక్స్ఛేంజీలో ఈ భాగం వేరుగా ఉంటుంది. మీ పాన్, ఆధార్ అడుగుతారు, ముఖం ఫోటో తీసుకుంటారు, మీ పేరున ఉన్న బ్యాంకు ఖాతానే ఒప్పుకుంటారు. అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్ కోసుకుంటారు, అది మీ పేరున కోసిన పన్నుల వివరాలుండే పత్రంలో (26ఏఎస్) కనబడుతుంది. ఈ అడగడాలన్నీ విసుగు పుట్టించవచ్చు. కానీ ఏదీ అడగకుండా ఖాతా తెరిచిన ఎక్స్ఛేంజీ చట్టానికి వెలుపల ఉందనడానికి అదే పెద్ద గుర్తు.

అయితే నమోదును భద్రతగా పొరబడవద్దు. ఎఫ్‌ఐయూ నమోదు అక్రమ ధన చలామణిని అరికట్టడానికి ఉద్దేశించింది. ఆ సంస్థ దగ్గర మీ ఆస్తి భద్రంగా ఉందా, దివాలా తీస్తే మీకేమి వస్తుంది అన్నవి అది పరీక్షించదు. బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల రూపాయల వరకు ఉన్న బీమా వంటిది ఇక్కడ లేదు. షేర్ల మదుపరికి సెబీ ఉన్నట్టు, క్రిప్టో కొనుగోలుదారుకు అండగా నిలిచే నియంత్రణ సంస్థ ఇంకా ఏర్పడలేదు. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో ప్రకటనల్లో ఇవి నియంత్రణ లేనివని, నష్టం వస్తే చెప్పుకునే చోటు ఉండకపోవచ్చని హెచ్చరిక వేయాలని ప్రకటనల ప్రమాణాల మండలి నిర్దేశించింది కూడా అందుకే.

దీనికి వజీర్‌ఎక్స్ ఉదంతం కంటే స్పష్టమైన ఉదాహరణ లేదు. 2024 జూలై 18న ఆ ఎక్స్ఛేంజీ వాలెట్ నుంచి 23 కోట్ల డాలర్లకు పైగా, అంటే దాదాపు 2,000 కోట్ల రూపాయల విలువైన క్రిప్టో చోరీకి గురైంది. మన దేశంలో దాన్ని నడిపే జన్మాయ్ ల్యాబ్స్ ఎఫ్‌ఐయూ దగ్గర నమోదైన సంస్థే. కానీ పునర్వ్యవస్థీకరణ ప్రక్రియ నడిచింది మాత్రం సింగపూర్ హైకోర్టులో, జెట్టాయ్ అనే అక్కడి కంపెనీ పేరున. ఆ ప్రణాళికకు ఆమోదం లభించి ట్రేడింగ్ తిరిగి మొదలయ్యేసరికి 2025 అక్టోబరు వచ్చింది. ఆ పదిహేను నెలలూ మన ఊళ్లలోని మదుపరులు తమ డబ్బు గురించి మరో దేశపు కోర్టు ఏమంటుందోనని ఎదురుచూశారు. అదే నెలలో మద్రాసు హైకోర్టు ఒక మదుపరి వేసిన కేసులో క్రిప్టో కూడా ఆస్తేనని చెప్పి ఆమెకు తాత్కాలిక రక్షణ కల్పించడం ఊరటనిచ్చే పరిణామం. కంపెనీ పేరు, దేశం, వివాదం తేల్చే కోర్టు అన్న మూడింటినీ నిబంధనల్లో ముందే చదవమని నేను అన్నది ఇందుకోసమే. నమోదైన సంస్థలోనైనా సరే, పూర్తిగా పోయినా ఇల్లు నడిచే మొత్తం మాత్రమే పెట్టండి. చీటీ పాట డబ్బుకు మీరు నెలనెలా వాయిదా కట్టవలసి ఉంటుందన్న విషయం మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక మీ అన్నగారి సంగతి. కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ వెళ్లిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి, ఈ భాగం మీకే కాక మరెంతోమందికి పనికివస్తుంది. గల్ఫ్ దేశాలన్నీ ఒకటే అనుకోవడం ప్రమాదం. దుబాయ్‌లో 2022లో వర్చువల్ ఆస్తుల కోసమే ‘వారా’ అనే నియంత్రణ సంస్థను ఏర్పాటు చేశారు, అది అనుమతించిన సంస్థల జాబితాను ఎవరైనా దాని వెబ్‌సైటులో చూడవచ్చు. కువైట్ దానికి పూర్తిగా భిన్నం. అక్కడి క్యాపిటల్ మార్కెట్స్ అథారిటీ 2023 జూలైలో జారీ చేసిన సర్క్యులర్ ప్రకారం క్రిప్టోతో చెల్లింపులు చేయడం, దాన్ని పెట్టుబడిగా వాడటం, మైనింగ్ చేయడం అన్నీ నిషిద్ధం, ఆ సేవలకు లైసెన్సులూ ఇవ్వరు. 2025లో అక్కడి అధికారులు ఇళ్లలో సాగుతున్న మైనింగ్‌పై విస్తృతంగా దాడులు కూడా చేశారు. అంటే ఇక్కడ మీకు నేరం కాని పని అక్కడ ఆయనకు చిక్కులు తెస్తుంది. పరాయి దేశంలో వీసా మీద, యజమాని దయ మీద బతుకుతున్న మనిషికి చిన్న కేసు కూడా చిన్నది కాదు.

ఇంకొక సంగతి, ఎక్స్ఛేంజీలు పాస్‌పోర్టును బట్టి కాక, మీరు నివసించే చోటును బట్టి అనుమతి నిర్ణయిస్తాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లకూ ఇదే వర్తిస్తుంది, అక్కడ రాష్ట్రానికో లైసెన్సు ఉంటుంది, న్యూయార్క్‌కైతే 2015 నుంచి ప్రత్యేకమైన బిట్‌లైసెన్స్ ఉంది. ఒకరి పేరున ఖాతా, మరొకరి డబ్బు అన్న ఏర్పాటు ఏ దేశంలోనూ నిలవదు. ఖాతా ఎవరి పేరున ఉంటే ప్రశ్నలు వారినే అడుగుతారు, డబ్బు ఎవరిదైతే నష్టం వారిదే.

పన్ను విషయం క్లుప్తంగా చెబుతాను. లాభంపై 30 శాతం, దానిపై సెస్సు ఉంటాయి, కొన్న ధర తప్ప మరే ఖర్చూ తీసివేయరు, ఒక క్రిప్టోలో వచ్చిన నష్టాన్ని మరోదాని లాభంలోంచి తగ్గించుకోనివ్వరు. వీటిని రిటర్నులో విడిగా చూపాలి, సాధారణ జీతగాళ్లు నింపే ఐటీఆర్-1 ఇందుకు పనికిరాదు. విదేశీ ఎక్స్ఛేంజీలో నిల్వ ఉంటే విదేశీ ఆస్తుల పట్టికలో చూపడం గురించి మీ ఆడిటరును తప్పక అడగండి.

ఈ రోజే చేయవలసిన పనులు రెండున్నాయి. మీరు పంపిన 5,000 రూపాయల లావాదేవీ యూటీఆర్ నంబరు, అవతలివారి యూపీఐ ఐడీ, టెలిగ్రామ్ సంభాషణల స్క్రీన్‌షాట్లు భద్రపరచుకుని, జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930కి ఫోను చేయండి. మొత్తం చిన్నది కదా అని ఊరుకోకండి. ఎంత ఆలస్యమైతే ఆ డబ్బు అంత దూరం వెళ్లిపోతుంది, పైగా మీ ఫిర్యాదు ఆ ఖాతాలోకి డబ్బు పంపబోయే మరొకరికి అడ్డుకట్ట కావచ్చు. దించుకున్న యాప్‌ను తీసేసి, యూపీఐ పిన్, ఈమెయిలు పాస్‌వర్డు మార్చుకోండి. మిగతా మొత్తం పెడితేనే ఈ 5,000 తిరిగి వస్తాయని గ్రూపువారు చెబితే ఒక్క రూపాయి కూడా పంపవద్దు.

రెండోది మీ అన్నగారికి ఫోను చేయడం. ఆయన సివిల్ ఐడీ ఫోటో ఎవరికి, ఎందుకు పంపారో దాచకుండా చెప్పండి. ఆయన కోప్పడతారేమో, పడనివ్వండి. కువైట్ మొబైల్ ఐడీ యాప్‌లో తాను అడగని ఆమోదపు అభ్యర్థన ఏది వచ్చినా నొక్కవద్దని, తెలియని నంబర్ల నుంచి ఓటీపీ అడిగితే చెప్పవద్దని, తన పేరున కొత్త సిమ్‌లు గానీ ఖాతాలు గానీ తెరుచుకున్నాయేమో తన బ్యాంకులోనూ టెలికం కంపెనీలోనూ విచారించుకోమని చెప్పండి. కువైట్‌లో ఇప్పుడు ఎంత సమయమైందో మనకంటే రెండున్నర గంటలు వెనక్కి లెక్కవేసుకుని, ఆయన డ్యూటీ దిగగానే మాట్లాడండి.